లారా 1.8 టీఎస్‌ఐ రీమ్యాప్ తర్వాత దగ్గుతోంది: 7 నంబరు ప్లగ్గా, 8 నంబరా?

భీమవరం_లారా (భీమవరం) | శనివారం రాత్రి 9:40

నమస్కారమండి అందరికీ. చాలా రోజులుగా చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

నాది 2011 స్కోడా లారా 1.8 టీఎస్‌ఐ (టర్బో పెట్రోలు), మాన్యువల్. 1,08,000 తిరిగింది. రెండు నెలల కిందట హైదరాబాద్‌లో స్టేజ్ 1 రీమ్యాప్ (పార్టులేవీ మార్చకుండా ఇంజన్ కంప్యూటర్ లెక్కలు మార్చి పవర్ పెంచడం) చేయించాను. కంపెనీ లెక్క 160 పీఎస్ (హార్స్‌పవర్ లాంటిదే), 250 ఎన్‌ఎం టార్క్. ఇప్పుడు 205 వస్తుందని ట్యూనర్ అన్నాడు గానీ డైనో (పవర్ కొలిచే మెషీను) కాగితమేదీ చేతిలో పెట్టలేదు. అదే వారం ఇక్కడ ఒక షాపులో ప్లగ్గులు కూడా కొత్తవి వేయించాను.

ఊళ్ళో తిప్పితే ఏ బాధా లేదు. నరసాపురం దాటి 216 హైవే మీద మొగల్తూరు వైపు ఖాళీ రోడ్డు దొరికినప్పుడు నాలుగో గేరులో మొత్తం తొక్కితే మాత్రం 2,800 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్యలో బండి దగ్గినట్టు కొట్టుకుంటోంది. 4,500 దాటాక మళ్ళీ మామూలే. సగం తొక్కితే అసలు లేదు. ఇంజన్ లైటు రెండుసార్లు మిణుకుమిణుకుమని ఆరిపోయింది.

కంపెనీ ప్లగ్గు వేడి నంబరు 7 అట. 8 నంబరు వెయ్యాలని ఒకాయన, 9 వేస్తే ఇంకా మంచిదని ఇంకొకాయన. ఎవరి మాట వినాలి?


యానాం_రేసర్ (యానాం) | శనివారం రాత్రి 10:05

ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ, 8 వేసెయ్. ట్యూన్ చేసిన టర్బో బండికి చల్ల ప్లగ్గే వెయ్యాలి. నా ఆక్టేవియాలో ఏడాదిగా 8 నడుస్తోంది, నాకింగ్ (పెట్రోలు వేళతప్పి పేలి ఇంజన్ టకటకలాడడం) అన్న మాటే లేదు.


పాలకొల్లు_పానా (పాలకొల్లు) | శనివారం రాత్రి 10:50

ఆగండి బాబూ, ముందు రోగమేంటో చూద్దాం.

లైటు మిణుకుమిణుకుమంటే ఆ బండిని తొక్కడం ఈ క్షణమే ఆపండి. నిలకడగా వెలిగితే రేపు చూసుకోవచ్చు. మిణుకుమందంటే మాత్రం మండని పెట్రోలు తిన్నగా క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండుతోందని. ఆ డబ్బా మార్చాల్సొస్తే రీమ్యాప్‌కి పెట్టిన డబ్బు చిల్లర కింద లెక్క.

నాకు మూడు కావాలి. ప్లగ్గు మీద రాసున్న నంబరు, చివరి అక్షరం దాకా. స్కానర్ పెట్టి కోడ్ ఏమొచ్చిందో. నాలుగు ప్లగ్గులూ విప్పి, సిలిండర్ వరుసలో పెట్టి తీసిన ఫోటో. ఇంజన్ చల్లారాకే విప్పండి. అల్యూమినియం హెడ్డు, వేడి మీద బలవంతం చేస్తే మర పోతుంది. విప్పే ముందు గుంతల్లోకి గాలి కొట్టడం మరిచిపోకండి. మన రోడ్ల దుమ్మంతా అక్కడే దాక్కుంటుంది.


రావులపాలెం_కుర్రోడు (రావులపాలెం) | ఆదివారం ఉదయం 7:15

అన్నా, తెలీక అడుగుతున్నాను, నవ్వకండి. చల్ల ప్లగ్గు అంటే దాని స్పార్క్ చల్లగా ఉంటుందా?


పాలకొల్లు_పానా | ఆదివారం ఉదయం 8:30

నవ్వడమెందుకు? ఇరవై ఏళ్ళు పానా పట్టినవాళ్ళలో కూడా సగంమంది అలాగే అనుకుంటారు.

స్పార్క్‌కి దీనికీ సంబంధం లేదమ్మా. ప్లగ్గు లోపల కొస దగ్గర తెల్ల పింగాణీ ఉంటుంది చూడు, దాని ముక్కు పొడుగులో ఉంది కిటుకంతా. ముక్కు పొడుగైతే వేడి దిగి హెడ్డులోకి పోడానికి దూరం ఎక్కువ, కాబట్టి కొస వేడిగా ఉంటుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిదైతే వేడి తొందరగా దిగిపోతుంది. అది చల్ల ప్లగ్గు. గదిలో మంట మాత్రం రెంటికీ ఒకటే. చల్ల ప్లగ్గు వేసినంత మాత్రాన ఇంజన్ చల్లబడదు, ప్లగ్గు కొస ఒక్కటే చల్లబడుతుంది.

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే కుండ చూసే ఉంటావు. బోర్లించిన కుండ సరిగ్గా కాగితేనే రేకు లేస్తుంది. కాగకపోతే అంటుకుపోతుంది, మరీ కాగితే మాడి చిరిగిపోతుంది. ప్లగ్గు కొసా అంతే. 450 డిగ్రీలకి పైన ఉంటే తన మీద పడ్డ మసిని తానే కాల్చేసుకుంటుంది. 800 దాటి ఇంకా పైకి పోయిందా, కొసే నిప్పుకణికలా మారి స్పార్క్ రాకముందే పెట్రోలుకి మంట పెట్టేస్తుంది. అప్పుడు పిస్టన్‌కి కన్నం పడ్డా ఆశ్చర్యం లేదు. ఒక్క నంబరు మారిస్తే కొస వేడి 70 నుంచి 100 డిగ్రీల దాకా మారుతుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ప్లగ్గు కంపెనీల్లో ఎన్‌జీకేలో, డెన్సోలో నంబరు పెరిగితే చల్లన. బాష్‌లో తిరగబడుతుంది, నంబరు పెరిగితే వేడి. డెన్సో 22 అంటే ఎన్‌జీకే 7కి సాటి, 24 అంటే 8కి. ఈ సంగతి తెలీక బాష్‌లో పెద్ద నంబరు అడిగి తెచ్చుకున్న మహానుభావుణ్ణి నేను చూశాను. ట్యూన్ చేసిన బండికి కంపెనీదానికన్నా వేడి ప్లగ్గు పెట్టుకుని తిరిగాడు పాపం.


యానాం_రేసర్ | ఆదివారం ఉదయం 9:10

అదే కదా గురువుగారూ నేనూ అంటున్నది! రీమ్యాప్‌తో బూస్టు (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెరిగింది, వేడి పెరిగింది. కొస 800 దాటకూడదంటే 8 వెయ్యాల్సిందే. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో ఇరవై నిమిషాలు ఆపకుండా తొక్కాను. విప్పి చూస్తే ప్లగ్గులు బంగారంలా ఉన్నాయి.


ఉప్పుటేరు (ఆకివీడు) | ఆదివారం ఉదయం 9:25

ట్రాకులో తొక్కావు సరే. మిగతా 364 రోజులూ ఏం చేస్తున్నావు బావా? ద్రాక్షారామం రోడ్డులో ధాన్యం ట్రాక్టరు వెనకాల రెండో గేరులో 25 స్పీడు. నీ ప్లగ్గు 450 డిగ్రీలు చూసి ఎన్నాళ్ళయిందో.


అమలాపురం_టు_మియాపూర్ (హైదరాబాద్) | ఆదివారం ఉదయం 11:40

ఇద్దరూ కొట్టుకోకండి. ఎన్‌జీకే వాళ్ళే చెప్పే ఒక మోటు లెక్క ఉంది: కంపెనీ ఇచ్చినదానికి పైన ప్రతి 75–100 హార్స్‌పవర్‌కీ ఒక మెట్టు చల్లన. భీమవరం గారి బండికి ట్యూనర్ మాట నిజమే అనుకున్నా పెరిగింది 45. పైగా ఈ ఇంజన్‌కి కంపెనీ వేసిన పీఎఫ్‌ఆర్7ఎస్8ఈజీ ప్లగ్గే 7 నంబరుది. జర్మనీలో గంటకి 200 మీద పోతారని లెక్కేసి పెట్టిన నంబరది. మన పంటకాలువ గట్ల మీద దానికి 205 హార్స్‌పవర్ బరువేం కాదు.

టర్బో మార్చి, ఇంజెక్టర్లు మార్చి, 280–300కి పోయిన బండైతే 8 న్యాయం. రోజూ ట్రాకు మీదే బతికే బండికీ న్యాయమే. స్టేజ్ 1 పెట్టుకుని రొయ్యల చెరువు దాకా వెళ్ళొచ్చే బండికి 7 చాలు. 9 చెప్పినాయన ఎవరో గానీ ఆయన దగ్గర 9లు అమ్ముడుపోక మిగిలిపోయి ఉంటాయి.

అసలు భీమవరం గారి లక్షణాలు చూస్తే ఇది నంబరు గొడవలా లేదు. నంబరు తప్పితే నాకింగో, మసో కనిపించాలి. ఒక్క 3,000 దగ్గర, ఒక్క ఫుల్ థ్రాటిల్‌లో దగ్గడం స్పార్క్ ఆరిపోయే రోగం.


భీమవరం_లారా | ఆదివారం సాయంత్రం 6:20

గురువుగారూ, చెప్పినట్టే విప్పానండి. కోడ్‌లు రెండు: పీ0300 (ఏదో ఒక సిలిండర్లో మంట తప్పుతోందని), పీ0302 (రెండో సిలిండర్లో తప్పుతోందని). ప్లగ్గు మీద ఇలా ఉంది: బీకేఆర్7ఈఐఎక్స్-11. ఎన్‌జీకే ఇరిడియం. ఫోటో పెట్టాను. నాలుగూ లేత గోధుమ రంగులోనే ఉన్నాయి, రెండోది మాత్రం కొంచెం నల్లగా ఉంది. పైన తెల్ల పింగాణీ మీద ఇనుప అంచు దగ్గర గోధుమరంగు పట్టీలా మరక ఉంది. గ్యాస్ లీకవుతోందా?


అమలాపురం_టు_మియాపూర్ | ఆదివారం సాయంత్రం 6:45

దొరికింది దొంగ! చివర ఆ 11 చూడండి.

ఆ నంబరు ఇలా చదవాలి: బీ అంటే 14 మిల్లీమీటర్ల మర. కే అంటే 16 మిల్లీమీటర్ల పానా. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది. అది లేనిది పొరపాటున కూడా వెయ్యొద్దు, ఈసీయూకీ (ఇంజన్ కంప్యూటర్) కాయిల్స్‌కీ (ప్లగ్గుకి హై వోల్టేజ్ ఇచ్చేవి) పిచ్చెక్కుతుంది. 7 వేడి నంబరు. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. ఐఎక్స్ ఇరిడియం. డ్యాష్ 11 అంటే గ్యాపు, అంటే స్పార్క్ దూకే రెండు కొసల మధ్య ఖాళీ, 1.1 మిల్లీమీటర్!

టర్బో లేని మామూలు బళ్ళ కోసం ఆ గ్యాపు. మీ కంపెనీ ప్లగ్గులో 7 తర్వాత కనిపించే ఆ 8 ఏమిటనుకున్నారు? 0.8 గ్యాపు. రీమ్యాప్ చేసి బూస్టు పెంచి, గ్యాపుని కూడా 0.8 నుంచి 1.1కి పెంచారన్నమాట. మర సరిపోయింది కదా అని షాపతను ఇచ్చేశాడు.


రావులపాలెం_కుర్రోడు | ఆదివారం రాత్రి 7:05

గ్యాపు ఎక్కువుంటే స్పార్క్ పెద్దది కదా అన్నా, మంచిదే కదా?


అమలాపురం_టు_మియాపూర్ | ఆదివారం రాత్రి 7:50

దూకగలిగితే మంచిదే తమ్ముడూ. పెద్ద గ్యాపులో మంట మొదలయ్యే గింజ పెద్దది, ఐడిలింగ్ నునుపుగా ఉంటుంది. అందుకే టర్బో లేని బళ్ళకి 1.1 ఇస్తారు. దూకలేకపోతేనే తంటా.

స్పార్క్ దూకాలంటే రెండు కొసల మధ్య ఉన్న గాలిని చీల్చుకుని పోవాలి. గాలి ఎంత చిక్కబడితే అంత ఎక్కువ వోల్టేజ్ కావాలి. టర్బో చేసేదే గాలిని చిక్కబరచి గదిలోకి తొయ్యడం. మోకాలిలోతు నీళ్ళలో మూడడుగుల కాలువ దాటడానికీ, గోదావరి ఎర్రనీళ్ళు నడుములోతు తోస్తుంటే అదే మూడడుగులు వెయ్యడానికీ ఎంత తేడానో అంత తేడా. కాయిల్ ఇవ్వగలిగిన వోల్టేజ్‌కి ఒక హద్దుంది. అది దాటితే స్పార్క్ గ్యాపులో దూకకుండా పింగాణీ పక్కనుంచి దొంగదారి వెతుక్కుంటుంది, లేదా అసలు రాదు. అదే ఆ దగ్గు.

3,000 దగ్గరే ఎందుకంటే ఈ చిన్న టర్బో ఆ రెవ్వుల్లోనే గరిష్ఠంగా ఊదుతుంది, సిలిండర్ పూర్తిగా నిండేది అక్కడే. పైకి పోయేకొద్దీ దాని ఊపిరి తగ్గుతుంది, టైమింగ్ కూడా ముందుకి జరుగుతుంది. స్పార్క్ వచ్చే క్షణానికి గదిలో ఒత్తిడి తక్కువ. అందుకే 4,500 దాటాక మళ్ళీ బుద్ధిగా ఉంది.

ఆ గోధుమరంగు పట్టీకి భయపడకండి, లీకేమీ కాదు. హై వోల్టేజ్ చుట్టూ గాలిలోని నూనె తుంపరలూ దుమ్మూ చేరి పడే మరక. చాలా ప్లగ్గులకి ఉంటుంది. అదే పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తే మాత్రం అది దొంగదారి. ఆ ప్లగ్గూ, దాని కాయిల్ రబ్బరూ రెండూ అవతల పారెయ్యాల్సిందే.


భీమవరం_లారా | ఆదివారం రాత్రి 8:10

అయితే వీటినే కొట్టి 0.65కి దించేస్తే పోదాండి? ఒక్కోటి వెయ్యి పెట్టి కొన్నాను.


పాలకొల్లు_పానా | ఆదివారం రాత్రి 8:40

దించొద్దు బాబూ. 0.2 మించి వంచితే పై కొమ్ము ఏటవాలుగా దిగిపోతుంది, స్పార్క్ అంచున దూకుతుంది. వీటికి 1.1 నుంచి 0.65 అంటే సగం వంచినట్టే. పైగా ఇరిడియం కొస వెంట్రుకంత సన్నం. ఐఎక్స్‌ది 0.6 మిల్లీమీటర్లు, డెన్సోలో 0.4 కూడా ఉంది. దానికి గేజ్ ఆనించి ఎత్తావంటే ఇరుగుతుంది, లోపల పింగాణీ చిట్లినా కంటికి కనపడదు. గ్యాపు సరిచేసేటప్పుడు ఎప్పుడూ పై కొమ్మునే పట్టుకోవాలి. కొలవడానికి తీగ గేజ్ వాడాలి, ఆ బిళ్ళ గేజ్ మాత్రం వద్దు.

బీకేఆర్7ఈఐఎక్స్, వెనక 11 లేనిది తీసుకో. 0.8 దగ్గర వస్తుంది, 0.65కి సులువుగా దిగుతుంది. ఇరిడియమే కావాలని లేకపోతే మామూలు నికెల్ బీకేఆర్7ఈ చాలు. జనం దీన్నే రాగి ప్లగ్గంటారు గానీ రాగి లోపలి గుజ్జు మాత్రమే, కొస నికెల్. పవర్ రెంటికీ ఒకటే. ఇరిడియం 2,446 డిగ్రీల దాకా కరగదు, నికెల్ 1,455కే కరుగుతుంది, కాబట్టి ఇరిడియం అరుగుదల తక్కువ. నికెల్‌ది 15–20 వేలకోసారి మార్చుకుంటావు, అంతే. ట్యూన్ చేసిన బండికి నేనైతే నికెల్‌కే ఓటేస్తాను. తరచూ విప్పుతాం కాబట్టి ఇంజన్ లోపల ఏం జరుగుతోందో తరచూ కనిపిస్తుంది.

బిగింపు: 25 నుంచి 30 ఎన్‌ఎం. టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా) లేకపోతే చేత్తో ఆగేదాకా తిప్పి, అక్కణ్ణుంచి అర మలుపు, కొంచెం పైన. మరకి గ్రీజులూ గట్రా పుయ్యొద్దు, జారుడు ఎక్కువై తెలీకుండా అతిగా బిగిసిపోతుంది. వదులుగా ఉన్నా ముప్పే. వేడి దిగే దారి ఆ వాషర్ దగ్గరే, అది సరిగ్గా ఆనకపోతే నీ 7 నంబరు 5 నంబరులా కాలుతుంది.

నీ రెండో సిలిండర్ మీద నాకింకా అనుమానం ఉంది. రెండో కాయిల్ తీసి మూడోదాని మీద పెట్టు, మూడోది రెండో దాని మీద. కోడ్ పీ0303కి మారిందంటే కాయిలే దొంగ. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో. రూపాయి ఖర్చులేని పరీక్ష.


ఉప్పుటేరు | ఆదివారం రాత్రి 9:00

ఒక మాట. కొనేటప్పుడు డబ్బా మీద బొమ్మ చూసి మోసపోకండి. కిందటేడు ఆన్‌లైన్‌లో సగం ధరకి నాలుగు ‘ఇరిడియం’ తెప్పించాను. అసలుదాని పక్కన పెడితే కొస లావు, పింగాణీ మీద అచ్చు గోకితే ఊడొచ్చింది, వాషర్ వేలితో తిప్పగానే బయటకి వచ్చేసింది. సగం ధరంటేనే అర్థమై ఉండాల్సింది, ఆశ!


రావులపాలెం_కుర్రోడు | ఆదివారం రాత్రి 9:20

నాది వెన్యూ 1.0 టర్బో, ట్యూనింగ్ ఏమీ లేదు. నేనూ 8 వేసుకోవాలా?


అమలాపురం_టు_మియాపూర్ | ఆదివారం రాత్రి 9:35

వద్దు. ఓనర్ మాన్యువల్లో ఏ నంబరుందో అదే. గ్యాపు కూడా ముట్టుకోకు.

నువ్వు జాగ్రత్తపడాల్సింది వేరే. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్ని పెద్ద గేరులో 1,500 దగ్గర పెట్టి ఒక్కసారిగా మొత్తం తొక్కకు. సిద్ధాంతం వంతెన ఎక్కుతూ ఐదో గేరులోనే లాగేద్దాం అనుకుంటారు చూడు, అదే. గోడల మీది ఆయిల్ చుక్కలు గదిలోకి చేరి స్పార్క్‌కి ముందే అంటుకుంటాయి. ఒక్కోసారి ప్లగ్గు పింగాణీయే ముక్కలై కనిపిస్తుంది. జనం ప్లగ్గుని తిట్టుకుంటారు, నేరం దానిది కాదు. అది చల్ల ప్లగ్గుతో కూడా ఆగదు. గేరు దించడం, డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (ఆయిల్ నాణ్యత గుర్తు) అని రాసున్న ఆయిల్ పోయించడం, ఇవే మందు.


యానాం_రేసర్ | సోమవారం ఉదయం 7:30

మా ఊళ్ళో పెట్రోలు చవకని మీ జిల్లాల బళ్ళన్నీ ఇక్కడికే వస్తాయి కదా, వచ్చినప్పుడు ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌కి తట్టుకునే శక్తి) పెట్రోలు మీద ట్యూన్ చేయించుకుని తక్కువది కొట్టించుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను. ప్లగ్గు నంబరు గురించి ఇంత కొట్టుకుంటారు, ట్యూనర్ ఏ పెట్రోలు మీద మ్యాప్ రాశాడని ఒక్కడూ అడగడు.


పాలకొల్లు_పానా | సోమవారం ఉదయం 7:45

ఈ ఒక్క మాటకి నీకు దణ్ణం బాబూ.


భీమవరం_లారా | గురువారం రాత్రి 9:15

ఆలస్యమైంది, క్షమించండి. మూడు రోజులు చెరువు మీదే సరిపోయింది.

సోమవారం తణుకు నుంచి బీకేఆర్7ఈ నాలుగు తెప్పించాను. ఇరిడియం నాలుగింటికి పెట్టిన డబ్బులో పావు కూడా కాలేదు. పాలకొల్లు గురువుగారి ఇంటికే వెళ్ళి టార్క్ రెంచ్, తీగ గేజ్ తెచ్చుకున్నాను. నాలుగూ కొలిస్తే ఒకటి 0.78, ఒకటి 0.85, మిగతా రెండూ 0.8. కొత్తవాటిలోనే ఇంత తేడా ఉంటుందనుకోలేదు. అన్నీ 0.65కి దించి 28 ఎన్‌ఎం బిగించాను.

మంగళవారం అదే మొగల్తూరు రోడ్డు, అదే నాలుగో గేరు. వెన్నలా లాగిందండీ! తిరిగొచ్చేటప్పుడు వాన పట్టింది. మళ్ళీ ఒక్కసారి దగ్గింది. స్కానర్ పెడితే పీ0302. కాయిల్స్ మార్చి పెట్టాను. బుధవారం పొద్దున్న చిన్న జల్లులో పోతే పీ0303 వచ్చింది. మూడోదాని మీదకి మార్చిన ఆ రెండో కాయిల్ విప్పి ఎండలో తిప్పి చూస్తే పై మూత పక్కన వెంట్రుకంత చీలిక. ఉప్పుగాలికి గుంతలో పచ్చటి తుప్పు కూడా ఉంది. పెద్ద గ్యాపు దాన్ని ఎన్నాళ్ళు చావబాదిందో మరి. కొత్త కాయిల్ వేశాను. నిన్నటి నుంచి శుభ్రంగా ఉంది.


యానాం_రేసర్ | గురువారం రాత్రి 9:50

సరే, నిజం చెప్పేస్తాను. మీ గోల చదివి నావీ విప్పాను. ట్రాకు నుంచి వచ్చి ఐదు నెలలైంది. నాలుగూ బొగ్గులా ఉన్నాయి. పొడి మసి, వేలితో రాస్తే అంటుకుంది. పొద్దున్న స్టార్టింగ్‌కి రెండోసారి తిప్పాల్సి రావడం బ్యాటరీ అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

కానీ ట్రాకుకి మాత్రం 8 వేసుకునే వెళ్తాను, ఆ విషయంలో తగ్గను.


అమలాపురం_టు_మియాపూర్ | గురువారం రాత్రి 10:05

తగ్గక్కర్లేదు. ట్రాకుకి ఒక జత, యానాంకి ఒక జత. విప్పి బిగించడానికి అరగంట పని.


రావులపాలెం_కుర్రోడు | గురువారం రాత్రి 10:20

భీమవరం అన్నా, ఆ -11 ప్లగ్గులు అమ్ముతారా? మా బావకి టర్బో లేని పాత బండుంది.


భీమవరం_లారా | గురువారం రాత్రి 10:30

ముందు ఆ బండి మాన్యువల్లో ఏ నంబరుందో చూసి చెప్పు తమ్ముడూ. మర సరిపోయింది కదా అని ఇచ్చేస్తే నేనూ ఆ షాపతనూ ఒకటే.


పాలకొల్లు_పానా | గురువారం రాత్రి 10:45

అబ్బాయ్, అవి తర్వాత చూసుకుందువు గానీ, ఆదివారం లోపు నా టార్క్ రెంచ్ తెచ్చి ఇచ్చెయ్యి. స్ప్రింగు వదులు చేసి, సున్నాకి దింపి పెట్టాలి. మరిచిపోయి బిగించే ఉంచావంటే మళ్ళీ నీ ఇంటికొచ్చి తిట్టాల్సొస్తుంది. వస్తూ వస్తూ నాలుగు రొయ్యలు పట్టుకురా.